డ్రీఖ్ అంటే ఏమిటి? స్కాట్లాండ్‌లో రోజూ వినపడే ఒక మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గ్లాస్గోకో, ఎడిన్‌బరోకో, డండీకో, అబర్డీన్‌కో చదువుకోడానికి, ఉద్యోగానికి వచ్చిన మనవాళ్ళు మొదటి నెలలోనే ఈ మాట వింటారు. ఐఈఎల్‌టీఎస్ కోసం చదివిన ఇంగ్లీషులో ఇది ఎక్కడా తగలదు, అందుకే చాలామంది ఏదో తిట్టేమో అనుకుంటారు, కొందరు అవతలివాళ్ళకి జలుబు చేసిందనుకుంటారు. మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్నలన్నీ కలిపి ఇక్కడ రాశాను. ఓపిక లేకపోతే మొదటి ప్రశ్న, ముసురు గురించిన ప్రశ్న, ఈ రెండూ చదివితే పని జరిగిపోతుంది.

అసలు డ్రీఖ్ అంటే ఏమిటి?

పొద్దున లేచేసరికి ఆకాశం బూడిద రంగులో కిందికి దిగిపోయి ఉంటుంది, వాన పడుతోందో లేదో తెలీదు కానీ బయటికెళ్తే తడుస్తాం, చలి మరీ ఎక్కువ కాదు కానీ ఎముకల్లోకి పోతుంది, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా గదిలో లైటు వేసుకోవాలి, ఇదంతా ఎప్పటికి ఆగుతుందో చెప్పలేం. ఆ రోజు డ్రీఖ్. మబ్బు, తడి, చలి, మసక వెలుతురు, విసుగు, ఈ అయిదూ కలిసిన మాట అది.

ఈ అయిదింట్లో ముఖ్యమైనది విసుగు అని నా ఉద్దేశం. మిగతావి ఒకటి తగ్గినా పర్లేదు, ఇది తగ్గితే డ్రీఖ్ కాదు. కింద చెప్పేవన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి.

దీన్ని ఎలా పలకాలి? స్పెల్లింగ్ ఏమిటి?

మామూలుగా రాసే స్పెల్లింగ్ డి, ఆర్, ఈ, ఐ, సి, హెచ్. ఈ, ఐ తారుమారు చేసి రాసేవాళ్ళు స్కాట్లాండ్‌లోనే బోలెడుమంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత పుస్తకాల్లో చివర జి, హెచ్ పెట్టి కూడా కనపడుతుంది.

పలకడంలో మొదటి సగం తేలిక, "డ్రీ". చివరి సి-హెచ్ దగ్గరే అందరికీ తంటా. అది "చ" కాదు, "ష" కాదు, పూర్తిగా "క" కూడా కాదు. ఉర్దూలో ఖబర్, ఖుదా అన్నప్పుడు గొంతులోంచి గాలి రాసుకుంటూ వచ్చే ఖ ఉంది చూడండి, అదే. హైదరాబాద్‌లో పెరిగి చుట్టుపక్కల ఉర్దూ విన్నవాళ్ళకి ఇది నిమిషంలో పట్టుబడుతుంది. తెలుగులో ఖరీదు, ఖర్చు అనేటప్పుడు మనం పలికే ఖ వేరు, దానిలో గాలి ఆగి ఒక్కసారిగా బయటికొస్తుంది, డ్రీఖ్‌లో గాలి ఆగకుండా సాగాలి. సరస్సుని లోఖ్ అంటారు కదా, లోఖ్ నెస్, లోఖ్ లోమండ్, వాటి చివర వచ్చేది కూడా ఇదే. ఇంకా సాధన కావాలంటే ఫైఫ్ ప్రాంతంలో ఆఖ్టర్‌మఖ్టీ అని ఒక ఊరుంది, ఆ పేరు పది సార్లు అనుకోండి.

రాకపోతే "డ్రీక్" అనండి. గ్లాస్గోలో కుర్రకారు చాలామంది లోఖ్‌ని కూడా "లాక్" అనే అంటున్నారు, దాని మీద పెద్దవాళ్ళ గొణుగుడు వేరే కథ. "డ్రైచ్" అని మాత్రం అనకండి, అలా అంటే ఎవరికీ అర్థం కాదు.

ఇది ఇంగ్లీషా? గేలిక్కా? లేకపోతే యాసా?

గేలిక్ కాదు. చివర్లో ఖ వినపడగానే గేలిక్ అనేసుకుంటారు, తప్పు. గేలిక్ ఐరిష్‌కి చుట్టం, హైలాండ్స్ అనే ఉత్తరాది కొండ ప్రాంతంలో, పడమటి దీవుల్లో ఎక్కువగా వినపడుతుంది. డ్రీఖ్ మాత్రం స్కాట్స్ అనే భాషలోది. స్కాట్స్ ఇంగ్లీషుకి అక్కచెల్లెలు లాంటిది, రెండూ పాత ఇంగ్లీషు నుంచే పుట్టి వేరే దారుల్లో పెరిగాయి. ఇంగ్లండ్‌తో కలిసి ఒకే రాజ్యం కాకముందు స్కాట్లాండ్ రాజాస్థానంలో, కోర్టుల్లో, కవిత్వంలో నడిచిన భాష అది. ఆ తర్వాత బడుల్లో ఇంగ్లీషు వచ్చి కూర్చుంది, స్కాట్స్ మాట్లాడితే "సరిగ్గా మాట్లాడు" అని పిల్లల్ని మందలించేవాళ్ళు, అలా అది ఇళ్ళల్లోకి, పొలాల్లోకి, పబ్బుల్లోకి దిగిపోయింది.

భాషా, యాసా అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు. యునైటెడ్ కింగ్‌డమ్ 2001లో యూరప్ ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల ఒప్పందం కింద స్కాట్స్‌ని గుర్తించింది. 2011 జనాభా లెక్కల్లో మొదటిసారి స్కాట్స్ వచ్చా అని అడిగితే పదిహేను లక్షల మందికి పైగా మాట్లాడగలమన్నారు. 2022 లెక్కల్లో మాట్లాడటం, చదవడం, రాయడం, అర్థం చేసుకోవడం ఏదో ఒకటి వచ్చు అన్నవాళ్ళు దాదాపు 24 లక్షలు. మొత్తం జనాభా 54 లక్షలు అని గుర్తుంచుకుంటే ఇది చిన్న సంఖ్య కాదు. 2025లో స్కాటిష్ పార్లమెంటు చట్టం చేసి గేలిక్‌కి, స్కాట్స్‌కి అధికారిక హోదా ఇచ్చింది. అయినా ఇవాళ్టికీ ఎడిన్‌బరోలో టాక్సీ ఎక్కి "మీరు మాట్లాడేది భాషా, స్లాంగా" అని అడిగితే ఒక్కో డ్రైవరు ఒక్కోలా చెప్తాడు. పత్రికల భాష, ఇంట్లో మాట్లాడే భాష అన్న తగువు చూసిన తెలుగువాళ్ళకి, ముఖ్యంగా తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళకి, దీన్ని ప్రత్యేకంగా విడమరచి చెప్పక్కర్లేదు.

నావరకు స్కాట్స్ భాషే. కానీ డ్రీఖ్ వాడాలంటే ఆ తీర్పు అవసరం లేదు. స్కాట్స్ ఒక్క ముక్క రాదు అనుకునే ఎడిన్‌బరో లాయరు కూడా ఈ మాట వాడతాడు.

మాట ఎక్కడ నుంచి వచ్చింది?

ఇదే నాకు బాగా నచ్చిన ప్రశ్న. 15వ శతాబ్దం నాటికే ఇది రాతలో కనపడుతుంది, కానీ అప్పట్లో దీనికి వానతో పెద్దగా పని లేదు. అర్థం "చాలాసేపు సాగేది", "తెమలనిది", "ఎంతకీ అయిపోనిది". పాత నార్స్‌లో ద్ర్యూగ్ర్ అనే మాట ఉంది, నిలిచేది, ఎక్కువ కాలం వచ్చేది అని. ఈనాటి స్వీడిష్‌లో ద్రూగ్, నార్వేజియన్‌లో ద్రోయ్ దాని వారసులే. ఉత్తర ఇంగ్లండ్ పల్లెల్లో విసుగు పుట్టించేదాన్ని "డ్రీ" అనేవాళ్ళు, అదీ ఈ కుటుంబమే. స్కాట్స్‌లో "డ్రీ" అని క్రియ కూడా ఉంది, భరించడం అని అర్థం. "డ్రీ యువర్ వియర్డ్" అంటే నీ రాత నువ్వు అనుభవించు అని.

అంటే మొదట ఉన్నది సాగుడు. పొడుగాటి దారి డ్రీఖ్, ఎంతకీ ముగియని ప్రసంగం డ్రీఖ్. తర్వాత తర్వాత, స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా ఎక్కువ సాగేది ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి, మాట పోయి వాతావరణానికి అతుక్కుంది. ఇప్పుడు పదిమందిని అడిగితే తొమ్మిదిమంది వాతావరణమే చెప్తారు.

వాన పడితేనే డ్రీఖా? ఏ రోజు డ్రీఖ్, ఏ రోజు కాదు?

వాన అక్కర్లేదు. వాన ఉన్నా డ్రీఖ్ కాకపోవచ్చు. కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే, తడిగా ఉన్న ప్రతిరోజునీ డ్రీఖ్ అనేస్తారు.

కుండపోత డ్రీఖ్ కాదు. కుండపోతకి ఒక ఊపు ఉంటుంది, అరగంటలో దంచి పోతుంది, దానికి వేరే మాటలున్నాయి. ఉరుములు మెరుపులు డ్రీఖ్ కాదు. చలికాలంలో తుఫాను వచ్చి రైళ్ళు ఆపేస్తే దాన్ని "వైల్డ్" అంటారు, డ్రీఖ్ అనరు. మైనస్ అయిదు డిగ్రీల్లో ఆకాశం నీలంగా మెరుస్తూ ఉంటే అది చలి రోజు, అంతే, చాలామంది ఆ రోజు సంతోషంగానే ఉంటారు. మంచు కురిసి ఊరంతా తెల్లగా అయితే డ్రీఖ్ కాదు, ఆ మంచు రెండోరోజు కరిగి బూడిద బురదైపోయి పైనుంచి సన్నగా వాన పడుతుంటే అప్పుడు డ్రీఖ్. జులైలో కూడా డ్రీఖ్ రోజు రావచ్చు, వస్తుంది, బార్బెక్యూకి అందర్నీ పిలిచిన శనివారమే వస్తుంది.

వాన ఒక్క చుక్క పడకుండా రోజంతా మబ్బు కమ్మి, వెలుతురు లేక, గాలిలో తేమ పట్టి ఉంటే అది నిక్షేపంగా డ్రీఖ్. రోజు మొత్తం ఒకే రంగులో ఉంటుంది, పొద్దునా సాయంత్రమా తెలీదు. ఈ మారకపోవడాన్నే ఆ మాట పట్టుకుంటుంది.

మన దగ్గర ఇంతకన్నా ఎక్కువే వాన పడుతుంది కదా, వీళ్ళకెందుకంత గోల?

న్యాయమైన ప్రశ్నే. ఎడిన్‌బరోలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో 800 పైనే, విశాఖపట్నంలో వెయ్యి దాటుతుంది. లెక్క ప్రకారం ఎడిన్‌బరో మనకన్నా పొడి ఊరు! గ్లాస్గోలో ఎక్కువే, 1,100 నుంచి 1,200 దాకా, ఇంకా పడమటి కొండల్లోకి పోతే 3,000 దాటే చోట్లున్నాయి.

తేడా మిల్లీమీటర్లలో లేదు, పంపకంలో ఉంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగిన రాత్రి బేగంపేటలో ఒక్కరోజులో 190 మిల్లీమీటర్లకు పైగా పడింది. అదే నీళ్ళు ఎడిన్‌బరోకి ఇస్తే మూడు నెలలపాటు కొంచెం కొంచెంగా చల్లుకుంటుంది. మనకి ఏడాదిలో గట్టిగా వాన పడే రోజులు యాభై చిల్లర అనుకుంటే, ఎడిన్‌బరోలో తడి రోజులు 120 పైన, గ్లాస్గోలో 170 దాకా. తడి రోజుని లెక్కకట్టే కొలత అక్కడ, ఇక్కడ కొంచెం వేరు, అయినా బొమ్మ అర్థమవుతుంది.

కారణం అట్లాంటిక్. పడమటి గాలులు సముద్రం మీద తేమ మోసుకుంటూ ఒక అల్పపీడనం వెనక ఇంకో అల్పపీడనంగా వస్తూనే ఉంటాయి. పడమటి కొండలు మొదటి దెబ్బ తింటాయి, తూర్పుకి కొంచెం తక్కువ చేరుతుంది. తూర్పువాళ్ళు గెలిచామనుకునేలోపు ఉత్తర సముద్రం మీంచి హార్ అనే పొగమంచు వచ్చి కూర్చుంటుంది, దాని సంగతి కింద చెప్తాను.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. ఎడిన్‌బరో 56వ అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబరు చివర పొద్దున ఎనిమిదిన్నర దాటాకే సూర్యుడు, మధ్యాహ్నం నాలుగు కాకముందే అస్తమయం, మొత్తం కలిపి ఏడు గంటలు. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలుంటుంది. ఆ ఏడు గంటల మీద కూడా మబ్బు మూత పెడితే మనిషికి పొద్దు పొడిచిందో లేదో తెలీదు. డ్రీఖ్ అనే మాటలో మనవాళ్ళు మిస్ అయ్యేది ఈ వెలుతురు లెక్కే.

తెలుగులో దీనికి సరైన మాట ముసురేనా?

చాలా దగ్గరగా వచ్చేది అదే. ముసురు పట్టింది అంటే రెండు మూడు రోజులు మబ్బు వీడదు, జల్లు ఆగదు, బట్టలు ఆరవు, పిల్లలు ఇంట్లో గోల చేస్తారు. సాగుడు ఉంది, మసక ఉంది, తేమ ఉంది. తెలంగాణలో మొగులు పట్టింది అంటే అందులో మబ్బు భాగం వస్తుంది.

కానీ ముసురు మీద మనకి ప్రేమ కూడా ఉంది. నెలల తరబడి మండిన ఎండ తర్వాత వస్తుంది, నాట్లకి కావాలి, చెరువు నిండాలి, మిరపకాయ బజ్జీలు వేయించుకోడానికి సాకు కూడా అదే. డ్రీఖ్‌కి ఆ స్వాగతం లేదు. అక్కడ ఎవరూ దాని కోసం ఎదురుచూడరు, అది పోయిందే ఎప్పుడని, మళ్ళీ రావడానికి! ఇంకో తేడా, ముసురుకి కనీసం తుంపర కావాలి, డ్రీఖ్‌కి అక్కర్లేదని పైన చెప్పాను.

కాబట్టి ఎవరికైనా ఫోన్లో చెప్పేటప్పుడు "ముసురు పట్టినట్టుందమ్మా, కాకపోతే చలి" అంటే ఊళ్ళో ఉన్న అమ్మకి వెంటనే అర్థమవుతుంది. రాసేటప్పుడు మాత్రం డ్రీఖ్‌ని డ్రీఖ్‌గానే వదిలేయడం మేలు.

వాతావరణానికి కాక ఇంకా దేనికి వాడతారు?

పాత అర్థం ఇంకా బతికే ఉంది. గంటన్నర సాగిన చర్చి ప్రసంగం డ్రీఖ్. డేటా ప్రొటెక్షన్ మీద పెట్టిన తప్పనిసరి ట్రైనింగ్ వీడియో డ్రీఖ్. గోల్ లేకుండా సున్నా-సున్నాతో ముగిసిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ని డ్రీఖ్ అంటే ఎవరూ కాదనరు. మనం సాగతీత, నస అనే చోట్ల ఇది చక్కగా సరిపోతుంది. రంగు వెలిసిన గోడలు, కిటికీలోంచి ఇంకో గోడ మాత్రమే కనపడే అద్దె గది, అదీ డ్రీఖే.

మనుషులకీ వాడతారు, కొంచెం తక్కువ. కళ లేని, మాట్లాడితే ఆవలింతలొచ్చే మనిషి డ్రీఖ్. మన జిడ్డు అనే మాటకి కొంచెం దగ్గరగా వస్తుంది. నిఘంటువుల్లో ఇంకో పాత వాడుక ఉంది, అప్పు తీర్చడంలో తెమల్చని వాణ్ణి డ్రీఖ్ అనేవాళ్ళు. "డ్రీఖ్ ఇన్ డ్రాయిన్" అంటే ఒక నిర్ణయానికి రావడానికి యుగాలు తీసుకునేవాడు. ఈ రెండూ ఇప్పుడు వీధిలో పెద్దగా వినపడవు, పోయాయంటే నాకు బాధే, ఎందుకంటే అద్దె డిపాజిట్ వెనక్కివ్వడానికి నెలలు తిప్పే ఇంటి ఓనర్లకి ఇంతకన్నా మంచి మాట లేదు.

ఎవరైనా "డ్రీఖ్ ద డే" అంటే ఏమని జవాబివ్వాలి?

ముందు ఒక చిన్న సంగతి: "ద డే" అంటే స్కాట్స్‌లో "ఇవాళ" అని. "ఇట్స్ డ్రీఖ్ ద డే" అంటే ఇవాళ డ్రీఖ్‌గా ఉంది అని. ఏ రోజు అని అడగకండి.

జవాబు చాలా తేలిక. "అయ్, ఇట్ ఈజ్ దట్" (అవును, అలాగే ఉంది) అనండి, చాలు. లేదా తల ఊపి ఒక నిట్టూర్పు. "ఏం బావున్నారా" అంటే మనం ఆరోగ్యం వివరాలన్నీ చెప్పం కదా, ఇదీ అంతే, పలకరింపు. వాతావరణశాఖ సూచన ప్రకారం రేపు మధ్యాహ్నం నుంచి తగ్గుతుంది అని వివరించే కుర్రాళ్ళని చూశాను, అవతలి వాళ్ళు మర్యాదగా విని బస్సెక్కేస్తారు.

ముఖ్యమైన నియమం ఒకటుంది, ఒప్పుకోవాలి. "నాకిలాంటి వాతావరణం ఇష్టమండీ, మా ఊళ్ళో 45 డిగ్రీల ఎండ" అన్నారనుకోండి, అది నిజమే కావచ్చు, కానీ సంభాషణ అక్కడితో చచ్చిపోతుంది. వాళ్ళు మీతో కలిసి చిన్న విసుగు పంచుకోడానికి వచ్చారు. ముందు ఒప్పుకుని, తర్వాత ఎండ సంగతి చెప్తే మాత్రం ఆసక్తిగా వింటారు, రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడతారు.

ముందు చేర్చే మాటలు ఊరిని బట్టి మారతాయి. గ్లాస్గోలో "ప్యూర్ డ్రీఖ్". తూర్పున "ఆఫీ డ్రీఖ్", పెద్దవాళ్ళ నోట "గే డ్రీఖ్". అన్నిటికీ అర్థం బాగా డ్రీఖ్ అనే. ఇంకా ఎక్కువ చెప్పాలంటే డ్రీఖర్, డ్రీఖెస్ట్ అని కూడా అంటారు.

మనం వాడితే నవ్వుతారా?

నవ్వరు, సంతోషిస్తారు. ఇది ఎవరి సొంత మతానికో, కులానికో, వయసుకో చెందిన మాట కాదు. టీవీలో వాతావరణం చదివేవాళ్ళు వాడతారు, పత్రికల హెడ్డింగుల్లో వస్తుంది, ప్రొఫెసర్లు వాడతారు. 2013లో స్కాట్లాండ్‌లో ఇష్టమైన స్కాట్స్ మాట ఏదని ఓటింగ్ పెడితే ఇదే మొదటి స్థానంలో వచ్చింది. వానని అంత తిట్టుకుంటూ ఆ మాటనే గెలిపించారంటే ఆ దేశం హాస్యం ఎలాంటిదో చూడండి.

చేయకూడనిది ఒకటే, వాళ్ళ యాసని మొత్తం అనుకరించడం. ఆర్‌లు దొర్లించి, "అయ్ లాడీ" అంటూ సినిమా స్కాట్స్ మాట్లాడితే ఎగతాళిలా ఉంటుంది. మీ మామూలు ఇంగ్లీషులో, మీ మామూలు గొంతుతో, ఈ ఒక్క మాట పెట్టండి.

ఆఫీసు మెయిల్‌లో, అసైన్‌మెంట్‌లో రాయొచ్చా?

తెలిసిన కొలీగ్‌కి రాసే మెయిల్‌లో మొదటి వాక్యంగా నిరభ్యంతరంగా రాయొచ్చు. అసైన్‌మెంట్‌లో వద్దు. ఉద్యోగ దరఖాస్తులో వద్దు.

సరదా ఏమిటంటే ఇంకో స్కాట్స్ మాట మీ ఆఫర్ లెటర్లోనే, కాంట్రాక్టులోనే ఉండి ఉంటుంది: "అవుట్‌విత్". ఆఫీసు వేళల అవుట్‌విత్ అంటే ఆ వేళల బయట అని. అది ఇంగ్లండ్‌లో వాడరని చాలామంది స్కాట్లాండ్ ఉద్యోగులకే తెలీదు, లండన్‌కి మెయిల్ పంపి "అదేంటి" అని తిరుగు మెయిల్ వచ్చాక తెలుస్తుంది. డ్రీఖ్ చొక్కా మీద బ్యాడ్జీ పెట్టుకుని తిరిగే స్కాట్స్, అవుట్‌విత్ మారువేషంలో తిరిగేది.

ఇంగ్లండ్‌లో, ఇతర చోట్ల అర్థమవుతుందా?

ఉత్తర ఇంగ్లండ్‌లో చాలామందికి తెలుసు. ఉత్తర ఐర్లండ్‌లో అల్స్టర్ స్కాట్స్ (అక్కడ మాట్లాడే స్కాట్స్) ప్రభావం ఉన్నచోట సొంత మాటలాగే వాడతారు. లండన్‌లో చదివినవాళ్ళకి తెలిసి ఉండొచ్చు. అమెరికాలో ఉన్న మీ కజిన్‌కి తెలీదు.

వాన గురించి ఇంకేం మాటలున్నాయి?

ఇక్కడ స్కాట్స్ నిజంగా ధనిక భాష. 2015లో గ్లాస్గో యూనివర్సిటీ వాళ్ళు స్కాట్స్ చారిత్రక పదకోశం తయారుచేస్తూ ఒక్క మంచుకే 421 మాటలు తేల్చారు. అన్నీ ఇప్పుడు వాడుకలో లేవు, అయినా ఆ సంఖ్య చూసి, ఎస్కిమోలకి మంచుకి బోలెడు మాటలున్నాయని చెప్పుకునే కథని అందరూ మర్చిపోయారు.

మీకు రోజూ పనికొచ్చేవి కొన్ని. స్మిర్ అంటే కంటికి కనపడనంత సన్న తుంపర, పడుతున్నట్టు ఉండదు, కళ్ళజోడు మీద మాత్రం తేలుతుంది. డ్రీఖ్ రోజుకి దీనికన్నా మంచి తోడు లేదు. డ్రూకిట్ అంటే తడిసి ముద్దవడం, ఇది వాన గురించి కాదు మీ గురించి. స్టోటింగ్ అంటే వాన నేలకి కొట్టుకుని పైకి ఎగిరేంత గట్టిగా పడటం, గ్లాస్గోలో వింటారు. స్నెల్ అంటే ముఖాన్ని కోసే చలిగాలి. భరించలేని చలిని కుర్రకారు "బాల్టిక్" అంటారు, సముద్రం పేరే.

హార్ గురించి చెప్తానన్నాను. వసంతం, వేసవి నెలల్లో వెచ్చటి గాలి చల్లటి ఉత్తర సముద్రం మీద నడిచినప్పుడు పొగమంచు కట్టి తూర్పు తీరం మీదికి వస్తుంది, అదే హార్. ఎడిన్‌బరో, డండీ, అబర్డీన్ వాళ్ళకి ఇది బాగా తెలుసు. విచిత్రం ఏమిటంటే పది, పదిహేను మైళ్ళు లోపలికి వెళ్తే ఎండ కాస్తుంటుంది. గ్లాస్గో స్నేహితుడు చొక్కా విప్పి పార్కులో పడుకున్న ఫోటో పంపుతాడు, మీరు అబర్డీన్‌లో జాకెట్ జిప్పు పైకి లాక్కుంటారు. హార్ ఉన్న రోజుని డ్రీఖ్ అనొచ్చు, ప్రతి డ్రీఖ్ రోజూ హార్ కాదు.

దీనికి వ్యతిరేక పదం?

బ్రా. చక్కటి, అందమైన అని. "ఇట్స్ ఎ బ్రా డే." బట్టల సంగతి గుర్తొచ్చి నవ్వకండి, అది వేరే మాట. గ్లాస్గోలో ఎండ కాసిన మొదటిరోజున మగాళ్ళు చొక్కాలు విప్పేస్తారు, దానికి "ట్యాప్స్ ఆఫ్" అని పేరు, అది పదిహేడు డిగ్రీలకే మొదలవుతుంది.

నెలల తరబడి డ్రీఖ్‌ని తట్టుకోవడం ఎలా? టెన్షన్‌గా, దిగులుగా ఉంటోంది.

ఇది మాట గురించిన ప్రశ్న కాదు కానీ అందరికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి చెప్తాను. గొడుగు మీద డబ్బులు తగలేయకండి, గాలికి మొదటి వారమే తిరగబడుతుంది. టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్, నీళ్ళు పట్టని బూట్లు కొనండి. వెలుతురు ఉన్న ఆ కాసేపు, మబ్బున్నా సరే, బయట అరగంట నడవండి. మబ్బు కింద వెలుతురు కూడా గదిలో ట్యూబ్‌లైట్ కన్నా చాలా ఎక్కువ.

విటమిన్ డి సంగతి మర్చిపోవద్దు. అక్టోబరు నుంచి మార్చి దాకా అందరూ రోజుకి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకునే విషయం ఆలోచించాలని అక్కడి ఆరోగ్యశాఖ సలహా. దక్షిణాసియా వాళ్ళలాంటి ముదురు చర్మం ఉన్నవాళ్ళకి ఏడాది పొడవునా అని చెప్తుంది, ఎందుకంటే అక్కడి పలచటి ఎండ మన చర్మానికి చాలదు. ఫార్మసీలో, సూపర్‌మార్కెట్‌లో చవగ్గా దొరుకుతుంది. నిద్ర పాడై, దేని మీదా ఇష్టం లేకుండా వారాలపాటు దిగులుగా ఉంటే దాన్ని డ్రీఖ్ మీద నెట్టేసి ఊరుకోకండి. చలికాలంలో వచ్చే డిప్రెషన్ నిజమైన జబ్బు, జీపీ, అంటే మీరు పేరు నమోదు చేసుకున్న మామూలు డాక్టరు, అపాయింట్‌మెంట్ తీసుకోండి. యూనివర్సిటీలో కౌన్సెలింగ్ ఉంటుంది, దానికి వెళ్ళడంలో సిగ్గేమీ లేదు.

ఇలాంటి మాటలు ఇంకా నేర్చుకోవాలంటే ఎక్కడ చూడాలి?

స్కాట్స్ నిఘంటువుల చరిత్రే పెద్ద కథ. 1808లో జాన్ జేమీసన్ అనే మతగురువు రెండు సంపుటాల నిఘంటువు వేశాడు. 20వ శతాబ్దంలో పది సంపుటాల స్కాటిష్ నేషనల్ డిక్షనరీ 1931లో మొదలై 1976లో పూర్తయింది. 1700 కన్నా పాత భాషకి వేరే నిఘంటువు, పన్నెండు సంపుటాలు, అది 2002 దాకా పట్టింది. నిఘంటువు పని ఎంత డ్రీఖో వేరే చెప్పాలా!

ఇప్పుడు ఈ రెండు పెద్ద నిఘంటువులూ కలిపి డిక్షనరీస్ ఆఫ్ ది స్కాట్స్ లాంగ్వేజ్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక్కో మాటకి ఏ శతాబ్దంలో ఎవరు ఎలా వాడారో ఉదాహరణలతో సహా కనపడుతుంది. వెతికేటప్పుడు ఒక చిట్కా: విన్న మాటని మీకు తోచిన స్పెల్లింగ్‌తో కొడితే దొరక్కపోవచ్చు, స్కాట్స్‌లో ఒకే మాటకి నాలుగైదు స్పెల్లింగులు మామూలే. ఖ వినపడితే సి-హెచ్‌తో ఒకసారి, జి-హెచ్‌తో ఒకసారి ప్రయత్నించండి. అదీ దొరక్కపోతే ఆ మాట అన్న మనిషినే అడగండి, ఎలా రాస్తారో వాళ్ళకీ అనుమానమే ఉంటుంది కానీ అర్థం మాత్రం ఓపిగ్గా చెప్తారు.